రెండు డ్రైవుల్లో ఏది పోయినా లినక్స్ సర్వర్ బూట్ కావాలంటే

సర్వర్‌లో రెండు డ్రైవులు పెట్టి మిర్రర్ చేసుకున్నవాళ్లు, అంటే ఒకే డేటాను రెండింటిలోనూ ఒకేసారి రాయించుకునేవాళ్లు, ఇక తమకు భయం లేదనుకుంటారు. డేటా వరకు అది నిజమే. నడుస్తున్న యంత్రంలో ఒక డ్రైవు చచ్చిపోయినా లినక్స్ ఆగదు, రెండో డ్రైవుతో పని సాగిపోతుంది. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. కరెంటు పోయి వచ్చో, కెర్నెల్ అప్‌డేట్ అయ్యో యంత్రం మళ్లీ మొదలవ్వాల్సి వస్తుంది. అప్పుడు బూట్ చేయడానికి ఏ పరికరమూ దొరకలేదంటూ తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోతే, మిగిలిన డ్రైవులో డేటా అంతా చెక్కుచెదరకుండా ఉన్నా అది మీ చేతికి అందదు. ఇలా ఎందుకవుతుందంటే, మిర్రర్ చేసింది రూట్ పార్టిషన్‌ను, అంటే సిస్టమూ డేటా ఉండే డ్రైవు భాగాన్ని మాత్రమే. సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ ఉండే చిన్న పార్టిషన్ పోయిన డ్రైవుతో పాటే పోయింది.

కాబట్టి ఈ పద్ధతి లక్ష్యం ఒక్కటే: రెండు డ్రైవుల్లో ఏది తీసేసినా, మనిషి చెయ్యి వేయకుండా యంత్రం దానంతట అది పైకి లేవాలి. ఉదాహరణకు 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు రెండు, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండి యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము), డెబియన్ 12 అనే లినక్స్ ఉన్న చిన్న కార్యాలయపు సర్వర్‌ను తీసుకుంటున్నాను. కమాండ్ల పేర్లను పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలతో కొట్టేటప్పుడు ప్రతి ఎంపికనూ మ్యాన్ పేజీతో (ఆ కమాండ్ వివరణ పేజీతో) ఒకసారి సరిచూసుకోండి. డిస్కుల పనిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా డేటా పోతుంది.

డ్రైవులు కొనేటప్పుడు

రెండు డ్రైవులూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, ఒకే రోజున కొన్నవి కాకుండా చూసుకోండి. మిర్రర్‌లో రెండు డ్రైవుల మీదా రాత పని సమానంగా పడుతుంది, రెండూ ఒకే వేగంతో అరుగుతాయి. ఫర్మ్‌వేర్‌లో లోపముంటే అది రెండింటిలోనూ ఒకేసారి బయటపడుతుంది. ఇది ఊహ కాదు. హెచ్‌పీఈ సంస్థ 2019 నవంబరులో తన ఎస్‌ఏఎస్ ఎస్‌ఎస్‌డీలు కొన్నింటి గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ మార్చకపోతే ఆ డ్రైవులు 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు పనిచేశాక ఆగిపోతాయనీ, డ్రైవు గానీ డేటా గానీ తిరిగి రావనీ దాని సారాంశం. అలాంటి రెండు డ్రైవులను ఒకేసారి బిగించి మిర్రర్ చేసిన యంత్రంలో రెండూ ఇంచుమించు ఒకే గడియకు పోతాయి. రెండు వేర్వేరు కంపెనీల డ్రైవులు కొంటే పరిమాణంలో కాస్త తేడా ఉండవచ్చు. చిన్నదాని కొలతకు సరిపోయేలా పార్టిషన్లు చేసుకుంటే చాలు.

మదర్‌బోర్డు సెట్టింగులలో రెయిడ్ (కొన్ని డ్రైవులను ఒకటిగా కలిపి వాడే పద్ధతి) అనే మాట కనిపిస్తే దాన్ని వాడకండి. సాటాను ఏహెచ్‌సీఐ పద్ధతిలోనే, అంటే డ్రైవులు విడివిడిగా కనిపించేలా ఉంచండి. లినక్స్ సాఫ్ట్‌వేర్ మిర్రర్‌ను ఏ యంత్రానికి తగిలించినా చదవగలం. బోర్డు చేసే రెయిడ్ ఆ బోర్డుతో ముడిపడి ఉంటుంది.

బూట్ పార్టిషన్‌ను అందరిలా మిర్రర్ చేయలేం

మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంది కనుక ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. యంత్రం ఆన్ చేయగానే ముందు మేల్కొనేది ఫర్మ్‌వేర్. దానికి లినక్స్ మిర్రర్ గురించి ఏమీ తెలియదు. దానికి తెలిసింది ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న ఈఎస్‌పీ అనే పార్టిషన్ ఒక్కటే. అందులోంచి షిమ్, గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాములను తెచ్చి నడుపుతుంది. గ్రబ్ లేచాక సమస్య లేదు, అది లినక్స్ మిర్రర్‌ను చదవగలదు. అందులో సగమే మిగిలినా చదువుతుంది.

ఈఎస్‌పీని కూడా లినక్స్ మిర్రర్‌ను నడిపే ఎండీఏడీఎం కమాండ్‌తో మిర్రర్ చేస్తే సరిపోదా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఎండీఏడీఎం మామూలుగా వాడే 1.2 రకం మెటాడేటా (మిర్రర్ వివరాలు రాసుకునే గుర్తులు) పార్టిషన్ మొదటి నుంచి 4 కేబీ దూరంలో కూర్చుంటుంది. అప్పుడు ఫర్మ్‌వేర్‌కు అక్కడ ఫ్యాట్ కనిపించదు. 1.0 రకం మెటాడేటా పార్టిషన్ చివర ఉంటుంది కాబట్టి, ఆ రకం వాడితే ఫర్మ్‌వేర్‌కు రెండు సగాలూ రెండు మామూలు ఫ్యాట్ పార్టిషన్లలా కనిపించి బూట్ అవుతాయి. చాలామంది ఇలా నడుపుతున్నారు కూడా. అయినా నేను దీన్ని సిఫారసు చేయను. ఫర్మ్‌వేర్ గానీ, మరో ఆపరేటింగ్ సిస్టమ్ గానీ అందులో ఒక సగంలో ఏదైనా రాస్తే రెండో సగానికి ఆ సంగతి తెలియదు. రెండూ వేర్వేరు అయిపోయినా లినక్స్ మాత్రం ఒకటేనని నమ్ముతూ ఉంటుంది.

అంతకంటే తేటగా ఉండే మార్గం రెండు డ్రైవుల్లో రెండు స్వతంత్ర ఈఎస్‌పీలు పెట్టి, ఒకదాన్ని చూసి రెండోదానికి కాపీ చేస్తూ ఉండడం. ఎక్కడ తప్పు జరిగినా కంటికి కనిపిస్తుంది, చేత్తో సరిదిద్దుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవును యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ చేయండి. టెర్మినల్ తెరిచి /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే డైరెక్టరీ ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. పార్టిషన్ల దశలో స్వయంగా చేసుకునే పద్ధతిని ఎంచుకోండి. రెండు డ్రైవుల మీదా జీపీటీ రకం పార్టిషన్ పట్టిక, ఒకే కొలతతో రెండేసి పార్టిషన్లు: మొదటిది 512 ఎంబీ, రెండోది మిగతా స్థలమంతా. డ్రైవు చివర ఒకటి రెండు జీబీలు ఖాళీగా వదలండి. రేపు కొత్తగా కొనే డ్రైవు పరిమాణం కొన్ని ఎంబీలు తక్కువైనా ఆ ఖాళీ మిమ్మల్ని కాపాడుతుంది.

మొదటి డ్రైవులోని చిన్న పార్టిషన్‌ను ఈఎస్‌పీగా గుర్తించండి. రెండో డ్రైవులోని చిన్నదాన్ని ప్రస్తుతానికి వాడవద్దు అని పెట్టండి, దాని సంగతి తర్వాత చూద్దాం. పెద్ద పార్టిషన్లు రెండింటినీ రెయిడ్ కోసమని గుర్తించి, సాఫ్ట్‌వేర్ రెయిడ్ మెనూలోకి వెళ్లి రెయిడ్ 1, అంటే మిర్రర్, సృష్టించండి. దాని మీద ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ వేసి రూట్‌గా పెట్టండి. /బూట్ డైరెక్టరీకి విడి పార్టిషన్ అవసరం లేదు.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు స్థలం) విషయంలో ఒక జాగ్రత్త. ఒక్కో డ్రైవులో ఒక్కో స్వాప్ పార్టిషన్ పెట్టి రెండూ వాడే అలవాటు కొందరికి ఉంది. ఒక డ్రైవు పోయిన క్షణంలో అందులోని స్వాప్‌లో ఉన్న ప్రోగ్రాముల జ్ఞాపకం కూడా పోయి, అవి అర్ధాంతరంగా కూలిపోతాయి. మిర్రర్ పెట్టుకున్న ప్రయోజనమే నెరవేరదు. రూట్‌లోనే ఒక స్వాప్ ఫైలు పెట్టుకోండి, అది మిర్రర్‌తో పాటే సురక్షితంగా ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయి యంత్రం లేచాక /ప్రాక్/ఎండీస్టాట్ ఫైలును క్యాట్‌తో చూడండి. మిర్రర్ ఇంకా రెండు సగాలనూ సరిపోల్చుకుంటూ ఉంటుంది. ఈ పనికి కెర్నెల్ మామూలుగా పెట్టే గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 200 ఎంబీ, అంటే 480 జీబీకి కనీసం 40 నిమిషాలు. ఈలోగా మిగతా పనులు చేసుకోవచ్చు గానీ ఏ డ్రైవునూ తీయకండి.

రెండో ఈఎస్‌పీ

ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు సీరియల్ వరుసను కూడా చూపమని చెప్పి, ఏ పేరు ఏ డ్రైవుదో కాగితం మీద రాసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు శాశ్వతం కావు. ఒక డ్రైవు తీస్తే రెండోది ఎస్‌డీఏ అయిపోవచ్చు. సీరియల్ నంబరు డ్రైవు మీది చీటీలోనూ ఉంటుంది, కాబట్టి నమ్మదగినది అదొక్కటే.

ఎస్‌జీడిస్క్‌తో రెండో డ్రైవు మొదటి పార్టిషన్ రకాన్ని ఈఎఫ్00గా మార్చండి. తర్వాత ఎంకేఎఫ్ఎస్.ఫ్యాట్‌తో ఫ్యాట్32గా ఫార్మాట్ చేస్తూ దానికి ఈఎఫ్ఐ2 అని లేబుల్ ఇవ్వండి. మొదటి డ్రైవులోని ఈఎస్‌పీకి ఫ్యాట్‌లేబుల్ కమాండ్‌తో ఈఎఫ్ఐ1 అని పేరు పెట్టండి. లేబుళ్ల వల్ల రేపు డ్రైవు మార్చినప్పుడు ఏ పార్టిషన్ ఏ డైరెక్టరీలో తెరుచుకోవాలో (మౌంట్ కావాలో) చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలును ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరవండి. /బూట్/ఈఎఫ్ఐ వరుసలో యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) తీసేసి లేబుల్ ఈఎఫ్ఐ1 పెట్టండి. దాని కిందే లేబుల్ ఈఎఫ్ఐ2కు /బూట్/ఈఎఫ్ఐ2 అని ఇంకో వరుస రాయండి, ఆ డైరెక్టరీని సృష్టించడం మరచిపోవద్దు. రెండు వరుసల్లోనూ నోఫెయిల్ (ఆ పార్టిషన్ లేకపోయినా బూట్ ఆగకూడదు) అనే ఎంపిక తప్పనిసరి. బూట్ అయ్యేటప్పుడు సేవలన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ, పరికరం కోసం ఎదురుచూసే సమయాన్ని 10 సెకన్లకు తగ్గిస్తే ఇంకా మంచిది. నోఫెయిల్ లేకపోతే ఏమవుతుందో చెబుతాను. మొదటి డ్రైవు పోయింది, రెండో డ్రైవు నుంచి గ్రబ్ లేచింది, కెర్నెల్ లేచింది, రూట్ మౌంట్ అయింది. అంతా బాగుందనుకునే లోపు సిస్టమ్‌డీ పోయిన ఈఎస్‌పీ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, దొరకలేదని ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుంది. నెట్‌వర్క్ రాదు, దూరం నుంచి లాగిన్ కుదరదు. రోజువారీ పనికి అసలు అక్కర్లేని ఓ చిన్న పార్టిషన్ కోసం సర్వర్ మొత్తం ఆగిపోతుంది.

కాపీ చేసే స్క్రిప్టు

గ్రబ్ గానీ షిమ్ గానీ అప్‌డేట్ అయినప్పుడు డెబియన్ మొదటి ఈఎస్‌పీలోనే రాస్తుంది. రెండోది పాతబడకుండా ఒక చిన్న షెల్ స్క్రిప్టు రాసి /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో పెట్టండి. అసలు పని చేసేది ఒక్క ఆర్‌సింక్ వరుస: లోపలి డైరెక్టరీలన్నిటితో, సమయాలతో సహా /బూట్/ఈఎఫ్ఐ/ నుంచి /బూట్/ఈఎఫ్ఐ2/కు కాపీ చేసి, అక్కడ అదనంగా ఉన్నవాటిని డిలీట్ చేయడం. మూలం చివర స్లాష్ ఉండాలి. లేకపోతే రెండో పార్టిషన్‌లో ఈఎఫ్ఐ పేరుతో ఇంకో డైరెక్టరీ పుట్టి, ఫైళ్లన్నీ ఫర్మ్‌వేర్ వెతకని చోట పడతాయి.

ఆ వరుసకు ముందు ఒక తనిఖీ రాయకపోతే ఈ స్క్రిప్టే ప్రమాదం. మొదటి డ్రైవు పోయిందనుకోండి. నోఫెయిల్ పెట్టాం కనుక యంత్రం లేస్తుంది, /బూట్/ఈఎఫ్ఐ మాత్రం మౌంట్ కాని ఖాళీ డైరెక్టరీగా మిగులుతుంది. ఆ రాత్రి ఏదో ప్యాకేజీ అప్‌డేట్ అయి స్క్రిప్టు నడుస్తుంది. ఆర్‌సింక్ ఖాళీ డైరెక్టరీని చూసి, రెండోదాన్ని కూడా దానిలాగే ఖాళీ చేస్తుంది. మిగిలి ఉన్న ఒకే ఒక్క బూట్‌లోడర్ తుడిచిపెట్టుకుపోతుంది, అదీ ఎవరికీ తెలియకుండా. కంచే చేను మేయడమంటే ఇదే. అందుకని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో రెండు డైరెక్టరీలూ నిజంగా మౌంట్ అయి ఉన్నాయో లేదో ముందు చూడండి. ఏ ఒక్కటి కాకపోయినా లాగర్‌తో ఒక హెచ్చరిక రాసి స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి. ఇంకొంచెం గట్టిగా ఉండాలంటే, మూలంలో షిమ్ ఫైలు ఉందో లేదో కూడా చూడండి.

ఈ స్క్రిప్టును ప్యాకేజీలను పెట్టే ఏపీటీకి తగిలించాలి. /ఈటీసీ/ఏపీటీ/ఏపీటీ.కాన్ఫ్.డీలో ఒక ఫైలు పెట్టి, డీపీకేజీ పోస్ట్-ఇన్వోక్ అనే చోట స్క్రిప్టు పూర్తి దారి రాస్తే, ప్యాకేజీల పని ముగిసిన ప్రతిసారీ నడుస్తుంది. ఇప్పుడు చేత్తో ఒకసారి నడిపి, డిఫ్ కమాండ్‌తో రెండు డైరెక్టరీలనూ పోల్చండి. తేడా ఏమీ కనిపించకూడదు.

కాపీనే ఎందుకు, రెండోదానికి వేరే పేరుతో గ్రబ్-ఇన్‌స్టాల్ చేయవచ్చు కదా అని అడగవచ్చు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే నడపనిచ్చే ఫర్మ్‌వేర్ ఏర్పాటు) కోసం డెబియన్ సంతకం చేసి ఇచ్చే గ్రబ్ తన కాన్ఫిగ్ ఫైలును ఈఎఫ్ఐ/డెబియన్ డైరెక్టరీలోనే వెతుకుతుంది. డైరెక్టరీ పేరు మార్చితే గ్రబ్ లేచి, ఏం చేయాలో తెలియక తన ప్రాంప్టు దగ్గర ఆగిపోతుంది. కాపీ చేస్తే ఆ బాధ లేదు. పైగా ఆ కాన్ఫిగ్ ఫైలు రూట్‌ను డ్రైవు పేరుతో కాకుండా యూయూఐడీతో వెతుకుతుంది, అందువల్ల ఏ డ్రైవు నుంచి లేచినా మిర్రర్ దొరుకుతుంది.

ఉబుంటు వాడేవాళ్లకు ఈ స్క్రిప్టు అక్కర్లేదు. 20.04 నుంచి గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64 ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్ చేస్తే ఒకటి కంటే ఎక్కువ ఈఎస్‌పీలను ఎంచుకోనిస్తుంది. వర్చువల్ యంత్రాలను నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో జెడ్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌తో మిర్రర్ పెట్టుకుంటే ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ ఇదే పని చేస్తుంది. యూఈఎఫ్ఐ లేని పాత బయోస్ యంత్రమైతే పని ఇంకా సులువు: గ్రబ్-పీసీ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేసి రెండు డిస్కులకూ టిక్కు పెట్టడమే.

ఫర్మ్‌వేర్‌కు చెప్పడం

ఫైళ్లు రెండు చోట్లా ఉన్నాయి గానీ రెండో చోట ఉన్న సంగతి ఫర్మ్‌వేర్‌కు తెలియదు. ఈఎఫ్ఐబూట్‌మేనేజర్‌తో కొత్త బూట్ ఎంట్రీ సృష్టించండి. డిస్కుగా రెండో డ్రైవు, పార్టిషన్ 1, లేబుల్‌గా డెబియన్-2, లోడర్‌గా ఈఎఫ్ఐ డైరెక్టరీలోని డెబియన్ డైరెక్టరీలో ఉన్న షిమ్ఎక్స్64 ఫైలు దారి. ఆ దారిలో వెనక్కి వాలిన స్లాష్‌లు ఉంటాయి కాబట్టి కొటేషన్లలో పెట్టండి, లేకపోతే షెల్ వాటిని మింగేస్తుంది. మళ్లీ అదే కమాండ్‌ను నడిపి, బూట్ వరుసలో రెండు ఎంట్రీలూ ఉన్నాయని చూసుకోండి.

ఇంతటితో ఆగవద్దు. డ్రైవు కనిపించకపోతే దాని ఎంట్రీని తుడిచేసే బోర్డులున్నాయి, బయోస్ బ్యాటరీ పోతే ఎంట్రీలన్నీ మాయమయ్యే బోర్డులూ ఉన్నాయి. అప్పుడు ఫర్మ్‌వేర్ ఏ డ్రైవులోనైనా ఈఎఫ్ఐ/బూట్ డైరెక్టరీలో బూట్ఎక్స్64 అనే ఫైలు కోసం చూస్తుంది. డెబియన్‌లో గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64ను రీకాన్ఫిగర్ చేసేటప్పుడు, తీసి పెట్టుకోగల డ్రైవుల దారిలో కూడా గ్రబ్ పెట్టాలా అని ఒక ప్రశ్న వస్తుంది. అవునని చెప్పండి. స్క్రిప్టు దాన్నీ రెండో ఈఎస్‌పీకి చేరవేస్తుంది.

తీసి చూడండి

ఇంతవరకు చేసిందంతా నమ్మకం మాత్రమే. డ్రైవు తీసి చూసేదాకా మీ దగ్గర రెండు బూట్ డ్రైవులున్నాయని చెప్పలేం. ఎండీఏడీఎంతో ఒక సగాన్ని ఫెయిల్ అని గుర్తించడం బూట్ పరీక్ష కిందికి రాదు, ఫర్మ్‌వేర్‌కు ఆ డ్రైవు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కేబుల్ పీకాలి.

ముందు బ్యాకప్ ఉందని, మిర్రర్ సరిపోల్చడం పూర్తయిందని చూసుకోండి. ఎండీస్టాట్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య రెండు యూ అక్షరాలు కనిపించాలి. యంత్రాన్ని పూర్తిగా ఆపి, మొదటి డ్రైవు కేబుల్ తీసి, ఆన్ చేయండి. మామూలు కంటే కాస్త ఆలస్యమవుతుంది, మిర్రర్ రెండో సగం కోసం ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ (రూట్ మౌంట్ కాకముందు నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్) కొంతసేపు ఎదురుచూసి ఆ తర్వాతే ఉన్నదానితో ముందుకెళ్తుంది. కంగారుపడి రీసెట్ నొక్కకండి. లాగిన్ అయ్యాక ఎండీస్టాట్‌లో ఒక యూ, ఒక కింది గీత కనిపిస్తే సరిగ్గా జరిగినట్టే. ఈ స్థితిలో అప్‌డేట్లు చేయకండి, కొత్త ఫైళ్లు రాయకండి.

మళ్లీ ఆపి, డ్రైవు తగిలించి, ఆన్ చేయండి. తిరిగొచ్చిన డ్రైవు వెనకబడిందని లినక్స్ గుర్తించి పక్కన పెడుతుంది. ఎండీఏడీఎం యాడ్‌తో దాని పెద్ద పార్టిషన్‌ను మిర్రర్‌కు కలపండి. మళ్లీ రెండు యూలు కనిపించేదాకా వేచి ఉండండి. ఆ తర్వాతే రెండో డ్రైవు తీసి ఇదే పరీక్ష చేయాలి. ఈ వరుస తప్పి, సరిపోల్చడం కాకముందే వెనకబడిన డ్రైవు ఒక్కదాంతో బూట్ చేస్తే రెండు సగాలూ వేర్వేరు చరిత్రలతో తయారవుతాయి. అప్పుడు ఏది అసలుదో తేల్చాల్సింది మీరే, రెండోదాని మీద రాసిందంతా వదులుకోవాల్సి వస్తుంది.

డ్రైవు పోయిందని తెలియాలి

మిర్రర్ బాగా పనిచేస్తే డ్రైవు పోయిన సంగతి ఎవరికీ తెలియదు. తెలియకపోతే రెండోది పోయే రోజు వరకు అలాగే నడుస్తుంది. /ఈటీసీ/ఎండీఏడీఎం/ఎండీఏడీఎం.కాన్ఫ్‌లో మెయిల్ఏడీడీఆర్ వరుసలో మీరు రోజూ చూసే చిరునామా పెట్టండి. సర్వర్ నుంచి మెయిల్ బయటికి వెళ్లే ఏర్పాటు కూడా ఉండాలి. ఎండీఏడీఎంను మానిటర్, స్కాన్, వన్‌షాట్, టెస్ట్ ఎంపికలతో నడిపితే ఒక పరీక్ష మెయిల్ వస్తుంది. రాకపోతే వచ్చేదాకా వదలకండి. డ్రైవుల ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్‌మాన్‌టూల్స్ కూడా పెట్టుకుంటే కొన్ని డ్రైవులు పోయే ముందే సూచన ఇస్తాయి.

డెబియన్ ప్రతి నెలా మొదటి ఆదివారం మిర్రర్ రెండు సగాలనూ పోల్చి చూస్తుంది. ఆ వేళ డిస్కు లైట్లు ఆగకుండా వెలుగుతుంటే భయపడనక్కర్లేదు.

డ్రైవు మార్చే రోజు

మెయిల్ వచ్చింది, ఒక డ్రైవు పోయింది. పోయింది మొదటిదైతే, కొత్తది వచ్చేలోగా అప్‌డేట్లు ఆపండి. తప్పనిసరైతే రెండో ఈఎస్‌పీని తాత్కాలికంగా /బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంట్ చేసి చేయండి, లేదంటే గ్రబ్ అప్‌డేట్ తనకు చోటు దొరక్క విఫలమవుతుంది. సీరియల్ నంబరు చూసి పోయిన డ్రైవునే తీయండి. ఆ క్షణంలో బతికున్నదాన్ని పీకేయడం తరచూ జరిగే ప్రమాదం.

కొత్త డ్రైవు బిగించాక ఎస్‌జీడిస్క్ రెప్లికేట్ ఎంపికతో పార్టిషన్ పట్టికను కాపీ చేయాలి. ఈ కమాండ్‌లో రెప్లికేట్ పక్కన రాసేది గమ్యం, అంటే కొత్త డ్రైవు. చివర రాసేది మూలం. తారుమారైతే ఖాళీ పట్టిక వచ్చి మంచి డ్రైవు మీద పడుతుంది. అందుకే ఎంటర్ నొక్కే ముందు రెండు పేర్లనూ సీరియల్ నంబర్లతో మరోసారి సరిచూసుకోండి. ఆ వెంటనే కొత్త డ్రైవు మీద ర్యాండమైజ్ ఎంపికతో గుర్తింపు సంఖ్యలు మార్చండి. కాపీతో పాటు అవి కూడా వచ్చేసి, రెండు డ్రైవులకూ ఒకే గుర్తింపు ఉంటుంది.

తర్వాత పెద్ద పార్టిషన్‌ను మిర్రర్‌కు యాడ్ చేయండి, చిన్నదాన్ని పోయినదాని లేబుల్‌తోనే ఫార్మాట్ చేసి మౌంట్ చేయండి. కొత్తది రెండో డ్రైవైతే స్క్రిప్టు నడిపితే చాలు. మొదటిదైతే ముందు ఈఎఫ్ఐ2 నుంచి ఈఎఫ్ఐ1కు చేత్తో కాపీ చేయాలి. ఇక్కడ స్క్రిప్టు నడిపితే ఖాళీ ఈఎఫ్ఐ1 వెళ్లి ఈఎఫ్ఐ2 మీద పడుతుంది, షిమ్ తనిఖీ రాయమన్నది ఇందుకే. ఈఎఫ్ఐబూట్‌మేనేజర్‌తో పాత ఎంట్రీ తీసేసి కొత్తది పెట్టండి. సరిపోల్చడం ముగిశాక కొత్త డ్రైవు ఒక్కదాంతోనే ఒకసారి బూట్ చేసి చూడండి, ఆ తర్వాత రెండోదాన్ని మళ్లీ కలపండి.

తీసేసిన పాత డ్రైవు ఇంకా కొంత పనిచేస్తుంటే దాన్ని మళ్లీ అదే సర్వర్‌కు తగిలించకండి. దాని మీద పాత మిర్రర్ గుర్తులు ఇంకా ఉన్నాయి. వేరే యంత్రంలో పెట్టి ఎండీఏడీఎం జీరో-సూపర్‌బ్లాక్ ఎంపికతో ఆ గుర్తులు తుడిచాకే ఇంకో పనికి వాడుకోండి.